రెండు వందల యూనిట్ల గీత: మా ఇంటి కరెంటు లెక్కల డైరీ

ఫిబ్రవరి, రెండో వారం

ఈ నెల మీటరు 214 యూనిట్లు చూపింది. ఎనర్జీ ఛార్జీ పద్దు 1,127 రూపాయల 80 పైసలు. కిందటి నెల 198 యూనిట్లకు అదే పద్దు 810 రూపాయల 40 పైసలు. పదహారు యూనిట్లు ఎక్కువ వాడినందుకు 317 రూపాయలు పెరిగింది. అంటే యూనిట్ దాదాపు ఇరవై రూపాయలు పడింది. ఆ రేటు టారిఫ్ పట్టికలో ఎక్కడా లేదు.

పట్టికను నిదానంగా చదివితే సంగతి తేలింది. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఇళ్ల టారిఫ్ ప్రకారం, నెల వాడకం వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. కానీ 200 దాటితే పైన పడిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. తొలి 200కు 5.10, ఆ పైన 300 వరకు 7.70, తర్వాతి వందకు 9 రూపాయలు. అందువల్ల 200 దగ్గర 820 రూపాయలున్న పద్దు 201 దగ్గర 1,027.70 అవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు!

గుంటూరులో ఉన్న అక్కకు చెబితే నవ్వింది. "మాకు అలా కాదు తమ్ముడూ, దాటిన యూనిట్లకే కొత్త రేటు" అంది. ఆంధ్రప్రదేశ్ స్లాబులు 30, 75, 125, 225, 400 దగ్గర మారతాయి. అయితే కింది స్లాబు రేటు కింది యూనిట్లకు అలాగే నిలుస్తుంది. అక్కడి రేట్లతో మా 214 యూనిట్లను లెక్కగట్టాను. మిగతా ఛార్జీలు పక్కన పెడితే 951 రూపాయలు. అదే 200కైతే 867. అంటే గీత దగ్గరే ఆగితే మాదే చవక, దాటితే వాళ్లది.

కింది వాటాలో అద్దెకు ఉన్నవారికి ఈ గీత ఇంకా పదునైనది. వాళ్లకు 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే ఆ నెల మొత్తం కట్టాల్సిందే. ఆ ఇంటావిడ నెలాఖరున మీటరు దగ్గరికి వచ్చి అంకె చూసుకుని వెళ్లడం ఎన్నోసార్లు గమనించాను. మా ఇంట్లో ఆ అలవాటు ఎవరికీ లేదు.

హనుమకొండలో మాది సొంత ఇల్లు. పై వాటాలో అమ్మ, నాన్న, మేమిద్దరం, మా అబ్బాయి. దోషి ఎవరో అందరికీ ముందే తెలుసు. నాన్న దృష్టిలో అమ్మ గ్రైండర్, అమ్మ దృష్టిలో నాన్న గీజర్, మా ఆవిడ దృష్టిలో నా ఇస్త్రీ పెట్టె. నా అనుమానం నీళ్ల మోటారు మీద. కొలవకుండా తేలదు. గురి ఇది: వేసవి కాని నెలల్లో 200 లోపు, వేసవిలో 300 లోపు.

ఫిబ్రవరి, మూడో ఆదివారం

సామగ్రి పెద్దగా ఏమీ లేదు. గోడ సాకెట్‌కు, వస్తువు ప్లగ్‌కు మధ్య పెట్టే వాట్ మీటరు ఒకటి కొన్నాను. గీజరు, ఏసీలను కూడా కొలవాలి కాబట్టి 16 ఆంపియర్లది తీసుకున్నాను. చవకగా దొరికే 10 ఆంపియర్ల రకాన్ని గీజర్‌కు తగిలిస్తే వేడెక్కి ప్లాస్టిక్ కరిగే ప్రమాదం ఉంది.

ఫ్యాన్లు, మోటారు, లైట్ల వంటివి నేరుగా వైరింగ్‌లో ఉంటాయి కనుక వాటికి ప్లగ్ మీటరు పనికిరాదు. వాటికోసం గోడ మీదున్న అసలు మీటరునే వాడుకున్నాను. దాని ముఖం మీద "3200 ఇంపల్స్" అని రాసి ఉంది. యూనిట్ కాలేసరికి దాని ఎర్ర లైటు 3,200 సార్లు మిణుకుతుందని అర్థం. యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు. ఆ లెక్కన రెండు మిణుకుల మధ్య సెకన్లతో 1,125ను భాగిస్తే ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో వస్తుంది. పదిహేను సెకన్లకోసారి మిణికితే 75 వాట్లు. మీ మీటరు మీద 1600 అని ఉంటే 1,125 బదులు 2,250 వేసుకోవాలి. మీటరును ముట్టుకోవలసిన పనే లేదు, ఫోనులో స్టాప్‌వాచ్ ఉంటే చాలు.

మొదట ఇల్లంతా ఆపేసి ఒక్కొక్క ఫ్యానే వేసి చూశాను. హాల్లో పాత సీలింగ్ ఫ్యాను పూర్తి వేగంతో 78 వాట్లు. నాన్న గదిలో పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఉంది. ఫ్యాను రెండో నంబరు మీద తిరుగుతుంటే 55 వాట్లు. హాల్లో ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌తో అదే నంబరు మీద 34. ఆ తేడా అంతా రెగ్యులేటర్ డబ్బాలో వేడిగా పోతోంది, చెయ్యి పెడితే తెలుస్తోంది. ఎలక్ట్రీషియన్ అదే రోజు వచ్చి మార్చాడు, 300 రూపాయల లోపే.

అదే వారం, రాత్రి

అందరూ పడుకున్నాక ఫ్యాన్లు, లైట్లు ఆపి, ఫ్రిజ్ ప్లగ్ తీసి మీటరు దగ్గర నిలబడ్డాను. చప్పుడు లేని ఇల్లు. అయినా లైటు పందొమ్మిది సెకన్లకోసారి మిణుకుతూనే ఉంది. అంటే 59 వాట్లు. ఎవరూ ఏమీ వాడకపోయినా రోజుకు 1.4 యూనిట్లు, నెలకు 42. మా 200లో అయిదో వంతు ఇక్కడే పోతోంది!

తర్వాత ఒక్కొక్కటే పీకుతూ వచ్చాను. ఇన్వర్టర్ 30 వాట్లు, సెట్‌టాప్ బాక్స్ 10, వైఫై రౌటర్ 8, చలికాలమంతా ఊరికే పడి ఉన్న ఏసీ, దాని స్టెబిలైజర్ కలిపి 6, వాటర్ ప్యూరిఫయర్ అడాప్టరు, కాలింగ్ బెల్లు వగైరా మిగతా 5.

సెట్‌టాప్ బాక్స్ విషయం వింతగా ఉంది. పనిచేస్తున్నప్పుడు 11 వాట్లు. రిమోట్‌తో ఆపి ఎర్ర చుక్క వచ్చాక 10. ఆ ఆపడానికి అర్థమే లేదు. పక్కనే ఉన్న టీవీ మాత్రం రిమోట్‌తో ఆపితే అర వాటుకు దిగిపోయింది. ఫోను చార్జర్లు ఫోను లేకుండా సాకెట్‌లో ఉంటే మీటరు సున్నా చూపింది. వాటి గురించి మా అబ్బాయి మీద ఇన్నాళ్లుగా చేస్తున్న అరుపులు ఈ రోజుతో ఆపేశాం.

బాక్సును గోడ స్విచ్ దగ్గరే ఆపుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. మళ్లీ వేస్తే చానెళ్లు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ లోపు సీరియల్ మొదలైపోతుంది. చివరికి రాత్రి పడుకునేటప్పుడు ఆపి మధ్యాహ్నం వేసేలా ఒప్పందం కుదిరింది. స్టెబిలైజర్ ఎంసీబీ దించేశాను. రెండింటికీ కలిపి నెలకు ఎనిమిదిన్నర యూనిట్లు తగ్గుతాయి.

ఇన్వర్టర్ జోలికి వెళ్లలేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత రకం, దానికి పెద్ద ట్యూబులర్ బ్యాటరీ. కరెంటు పోయినా పోకపోయినా నెలకు 21 యూనిట్లు తింటుంది. ఏప్రిల్ గాలివానల్లో అది లేకపోతే ఎలా ఉంటుందో మాకు తెలుసు. అది ఉండాల్సిందే.

మార్చి, మొదటి ఆదివారం

ఈ ఆదివారం శబ్దం చేసే వస్తువుల వంతు. నాన్న సిద్ధాంతం ఏమిటంటే, ఎంత గోల చేస్తే అంత కరెంటు. పళ్లెం మీటర్ల కాలంలో మిక్సీ వేయగానే పళ్లెం గిర్రున తిరిగేది. ఆ దృశ్యం ఆయన మనసులోంచి పోలేదు.

ఇడ్లీ పిండి రుబ్బినంతసేపు గ్రైండర్‌ను కొలిచాం. అర గంటకు 0.08 యూనిట్. కొబ్బరి పచ్చడికి మిక్సీ మూడు నిమిషాలు: 0.02. నా ఇస్త్రీ ఒక పూటకు 0.25, వెయ్యి వాట్ల పెట్టె అయినా వేడెక్కాక దానంతట అదే ఆగిపోతూ ఉంటుంది. వాషింగ్ మెషిన్ చన్నీళ్లతో ఒక విడతకు 0.2. మోటారుకు ప్లగ్ లేదు కాబట్టి ఇల్లంతా ఆపి మీటరు చూశాను. ఇరవై మిణుకులకు 36 సెకన్లు, అంటే 625 వాట్లు. సంపు నుంచి ట్యాంకు నిండడానికి రోజూ అర గంట పైన. నెలకు 11 యూనిట్లు. నా అనుమానం వీగిపోయింది.

అమ్మ ఈ అంకెలన్నీ క్యాలెండరు వెనక రాయించుకుంది. రుబ్బుడు రోజుల్లో వినే మాటలకు ఇక జవాబు దొరికింది. "నెలంతా రుబ్బినా ఒక్క యూనిట్ కాదటండీ" అని నాన్నకు రెండుసార్లు వినిపించింది. వారానికి రెండు రోజులు రుబ్బుతుంది కనుక ఆ మాట నిజమే.

ఇంతలో నాన్న బీరువా లోంచి ఒక పెట్టె తెచ్చారు. ఎప్పుడో ఒక ఎగ్జిబిషన్‌లో కొన్న "పవర్ సేవర్". ప్లగ్‌లో పెడితే పచ్చ లైటు వెలుగుతుంది, బిల్లు ముప్పై శాతం తగ్గుతుందని అట్ట మీద రాసి ఉంది. అమ్మినవాడు కళ్ల ముందే చూపించాడని నాన్న గట్టిగా చెప్పారు. చూపించే ఉంటాడు, ఎలా చూపించాడో మేమూ చేసి చూశాం.

ఎలక్ట్రీషియన్ దగ్గర క్లాంప్ మీటరు ఉంది. మోటారు ఒక్కటే నడుస్తుండగా ఇంటి మెయిన్ వైరుకు తగిలిస్తే 4.1 ఆంపియర్లు. పెట్టెను ప్లగ్‌లో పెట్టగానే 3.4కు దిగింది. నాన్న ముఖం వెలిగింది. అప్పుడు గోడ మీటరు దగ్గరికి వెళ్లి మిణుకులు లెక్కపెట్టాం. పెట్టె ఉన్నా లేకున్నా ఇరవైకి 36 సెకన్లే. పెట్టె విప్పితే లోపల ఒక కండెన్సరు, ఒక లైటు, కాస్త సర్క్యూటు. కండెన్సరు చేసే పని నిజమైనదే. మోటారు లాంటి వాటికి పని చేసే కరెంటుతో పాటు, వైర్లలో అటూ ఇటూ తిరిగి వెనక్కి వెళ్లే కరెంటు కూడా కావాలి. ఆ రెండోదాన్ని కండెన్సరు తన దగ్గర నుంచి అందిస్తుంది. అందుకే ఆంపియర్లు తగ్గుతాయి. కానీ ఇళ్ల మీటరు పని చేసిన కరెంటుకే లెక్క కడుతుంది, కనుక బిల్లులో పైసా తగ్గదు. ఫ్యాక్టరీల వంటి హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లకు కేవీఏహెచ్‌లో, అంటే ఆ రెండు రకాల కరెంటునూ లెక్కలోకి తీసుకుని, బిల్లు వేస్తారు కాబట్టి వాళ్లు కండెన్సర్లు పెట్టుకోవడంలో అర్థం ఉంది. మన ఇంట్లో ఆ పచ్చ లైటుకు అయ్యే కరెంటు అదనం.

ఇదే కారణంగా ఆంపియర్లను 230తో గుణించి వాట్లు తేల్చుకునే పద్ధతిని కూడా నమ్మకూడదు. మా మోటారుకు ఆ లెక్క వేస్తే 943 వస్తుంది, అసలు 625.

మార్చి, రెండో వారం

బిల్లు 181 యూనిట్లు, 728 రూపాయల 80 పైసలు. ఇదంతా నా ఘనత అని ఇంట్లో చెప్పుకోలేదు. చలి తగ్గి గీజర్ వాడకం పడిపోయింది, అసలు కారణం అది.

గీజరును ఇంకా నీళ్లు కాచుకుంటున్నప్పుడే కొలిచి పెట్టాను. పదిహేను లీటర్లది, 2,000 వాట్లు. 24 డిగ్రీల నీటిని 60కి తేవడానికి లెక్క ప్రకారం 0.63 యూనిట్ కావాలి, మీటరు 0.66 చూపింది. ఇక్కడ దొంగతనం ఏమీ లేదు, నీరు వేడెక్కాలంటే అంత కావాల్సిందే. ఆదా ఉన్నది వేరేచోట. నీళ్లు ఒక్క చుక్క కూడా వాడకుండా రోజంతా ఆన్‌లో ఉంచితే 0.7 యూనిట్ అయింది. ట్యాంకు చల్లారడం, మళ్లీ కాగడం. గీజర్ల మీద నక్షత్రాలు చెప్పేది ఈ నష్టం గురించే, నీటిని ఎంత చవకగా కాస్తుందన్నది కాదు. మా పద్ధతి మారింది. పొద్దున అందరూ ఒకరి వెనక ఒకరు స్నానం చేసి స్విచ్ ఆపుతున్నాం. నాన్న మాత్రం పది గంటల మనిషి, ఆయనకు వేరే లెక్క.

ఫిబ్రవరి బిల్లును ఇప్పుడు పంచి చూస్తే నెలకు ఫ్రిజ్ 57, నిద్రపోతున్న ఇల్లు 42, గీజర్ 42, ఫ్యాన్లు 36, మోటారు 11, టీవీ 10, లైట్లు 6, ఇస్త్రీ, మిక్సీ, వాషింగ్ మెషిన్ అన్నీ కలిపి పది లోపు. వెరసి 213 దగ్గర, మీటరు 214. దోషి దొరికాడు. వంటింటి మూలలో 2010 నుంచి ఉన్న 260 లీటర్ల రెండు తలుపుల ఫ్రిజ్. దాన్ని అనుమానించినవారు ఇంట్లో ఒక్కరూ లేరు.

మార్చి, నాలుగో వారం

ఫ్రిజ్‌కు ప్లగ్ మీటరు తగిలించి వదిలేశాను. రోజుకు 1.9 యూనిట్లు. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు 140 వాట్లు, అంటే రోజులో సగానికి పైగా నడుస్తూనే ఉంది. ఒకసారి కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు మీటరు 180 వాట్లు చూపిస్తే కంగారు పడ్డాను. అది పాడవడం కాదు. ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో మంచు కరిగించడానికి లోపల హీటరు ఉంటుంది, దాని వంతు అది. చల్లబరిచే పెట్టెలో హీటరు ఉంటుందంటే అమ్మ ఇప్పటికీ నమ్మడం లేదు.

తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగాను. పై తలుపు దగ్గర గట్టిగా పట్టుకుంది. కింద తలుపు కుడి మూలలో నోటు జారి వచ్చేసింది. డోర్ రబ్బరు అక్కడ గట్టిపడి ముడుచుకుపోయింది. కొత్త రబ్బరుకు, కూలీకి కలిపి 900 అయింది. ఫ్రిజ్‌ను గోడ నుంచి జానెడు ముందుకు జరిపి, వెనక దుమ్ము దులిపాం. ఆ తర్వాత రోజుకు 1.5. నెలకు పన్నెండు యూనిట్ల తేడా.

కొత్తది కొంటే? షాపులో అదే పరిమాణంలో మూడు నక్షత్రాల ఫ్రిజ్ లేబుల్ మీద ఏడాదికి సుమారు 200 యూనిట్లు. మాది ఇప్పుడు కూడా 550 దగ్గర. ఏడాదికి 350 యూనిట్ల మిగులు అంటే, వేసవి రేటు కలుపుకున్నా 2,000 రూపాయల చిల్లర. ఫ్రిజ్ ధర 27,000. కరెంటు ఆదా పేరుతో నడుస్తున్న ఫ్రిజ్‌ను తీసేయమని చెప్పేవాళ్లు ఈ భాగహారం చేయరు. ఇది ఆగిపోయిన రోజున కొంటాం.

ఫ్యాన్ల లెక్క దీనికి పూర్తిగా తిరగబడింది. రెండు పడకగదుల్లో తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్లు వేయించాం, ఒక్కొక్కటి 2,900. పూర్తి వేగంతో 30 వాట్లు, పాతవి 78. వేసవిలో రోజుకు పది గంటలు తిరిగితే రెండింటికీ కలిపి నెలకు 29 యూనిట్లు తగ్గుతాయి. 7.70 చొప్పున 220 రూపాయలు. అలాంటి ఇరవై ఆరు నెలల వాడకానికి ధర తిరిగి వస్తుంది. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి కొనేటప్పుడు అది చూసుకుంటే చాలు. ఒక్క జాగ్రత్త: వీటికి గోడ రెగ్యులేటర్ ఉండకూడదు, తీయించి నేరుగా కలపాలి. నాన్న గదికి కొత్తగా పెట్టిన రెగ్యులేటర్ అలా హాలు స్పేరు డబ్బాలోకి చేరింది. కొత్త ఫ్యాను రిమోట్ ఆయనకు బాగా నచ్చింది. అమ్మ చేతికి ఇవ్వరు.

మే, మొదటి వారం

ఏసీ లేకుండా గడవని రోజులు. టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ, మూడు నక్షత్రాలు. లేబుల్ మీది ఏడాది యూనిట్లు 1,600 గంటల వాడకానికి వేసినవి. దాన్ని గంటలతో భాగిస్తే మాదానికి గంటకు 0.63 వస్తుంది. రాత్రి ఎనిమిది గంటలు 24 మీద పెడితే 5.4 యూనిట్లు, అంటే లేబుల్ కంటే కాస్త ఎక్కువ. 26 మీద పెట్టి ఫ్యాను చిన్నగా వేస్తే 4.7. నక్షత్రాల లేబుళ్లు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెప్పే లెక్క డిగ్రీకి ఆరు శాతం, మాకూ దాదాపు అంతే వచ్చింది. రెండు రాత్రుల ఎండ ఒకేలా ఉండదు కనుక ఒక్క రాత్రి కొలతను పట్టుకుని వాదించకూడదు. నేను పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర దగ్గరగా ఉన్న రాత్రులనే పోల్చాను.

కూలర్ 180 వాట్లు, రాత్రంతా ఒకటిన్నర యూనిట్ లోపు. ఓరుగల్లు ఎండ పొడి ఎండ కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కూలర్ చక్కగా పనిచేస్తుంది. గుంటూరు ఉక్కలో ఉన్న అక్కకు ఆ సలహా చెబితే ఫోను పెట్టేసింది. అమ్మానాన్నల గదికి కూలర్, మా గదిలో ఏసీ, అర్ధరాత్రి దాటాక టైమరుతో ఆగిపోయేలా పెట్టాం.

జూన్

మే బిల్లు 291. వేసవికి పెట్టుకున్న 300 గీతకు తొమ్మిది యూనిట్ల ఇవతల. నిరుడు ఇదే నెలలో 372. ఇప్పటి రేట్లతో చూస్తే 2,438 రూపాయలకు బదులు 1,720.70. ఆఖరి వారంలో నేనూ కింది వాటా ఆవిడా మీటరు దగ్గర ఎదురుపడటం మామూలైపోయింది. వాళ్లది 187 దగ్గర ఆగింది.

వానలు పడ్డాక మోటారుకు ఫ్లోట్ స్విచ్ పెట్టించాలి, ట్యాంకు పొంగి పోతున్నది నీళ్లే కాదు. చలికాలం లోపు నాన్న పది గంటల స్నానం సంగతి తేల్చాలి.

ప్లగ్ మీటరు ప్రస్తుతం గుంటూరులో ఉంది. అక్క మొదటి రోజే ఫోను చేసింది. కొత్త ఫ్రిజ్ కొన్నాక పాతదాన్ని వరండాలో పెట్టి మంచినీళ్ల సీసాలకు, ఊరగాయలకు వాడుతున్నారు. అది రోజుకు 1.3 యూనిట్లు, నెలకు 39. వాళ్లు ఉన్న స్లాబులో యూనిట్ 8.75 చొప్పున 341 రూపాయలు. బావ మాత్రం పాత ఫ్రిజ్ అమ్మితే రెండు వేలు కూడా రావని వాదిస్తున్నారు. ఆ రెండు వేలను ఆ ఫ్రిజ్ ఆరు నెలల్లో తినేస్తుందని చెప్పమన్నాను. చెప్పిందట. అయితే ఊరగాయలు ఎక్కడ పెడతావని అడిగారట.